మాట బయటికి పోయిన దారి

దేశనూరు,
ఆగస్టు 4

సవితక్కకు సౌభాగ్య రాసేది.

నువ్వు బళ్ళారి పోయి రెండు నెలలైంది. ఆసుపత్రిలో ఆయా పని కుదిరిందని, కౌల్ బజారులో గది దొరికిందని పాస్టరమ్మ చెబితే విన్నాను. నీ నోటి నుంచి వినలేదు. మా ఇంటికంతా ఉన్నది ఒకే ఫోను, అది ఎప్పుడూ మా ఆయన హులిగేశ్ జేబులోనే ఉంటుంది. నీకేమో డ్యూటీలో ఫోను ముట్టనివ్వరట. అందుకే ఉత్తరం. నవ్వకు. కన్నడ బడిలో చదివిన దాన్ని మందిరంలో కూర్చోబెట్టి, పాటల పుస్తకం ముందు పెట్టి తెలుగు అక్షరాలు దిద్దించింది నువ్వే. ఒత్తులు తప్పుంటే ఆ తప్పు నీది.

నువ్వు పోయాక పాస్టరు నన్ను వేరే ఆమెతో జోడీ కడతానన్నాడు. వద్దన్నాను. ఆరేళ్ళ కింద ఆడవాళ్ళందరినీ ఇద్దరిద్దరిగా కూర్చోబెట్టి, ఒకరి కష్టం ఒకరికి చెప్పుకుని ఒకరి కోసం ఒకరు ప్రార్థన చెయ్యండి, జోడీలో చెప్పిన మాట జోడీ దాటకూడదు అన్నాడు కదా. అప్పుడు నాకు నువ్వు దొరికావని ఏడుపొచ్చింది. అడిగితే తప్ప నోరు తెరవని మనిషితో ఏం పంచుకోవాలి అనుకున్నాను. ఇప్పుడు ఇంకెవరూ వద్దనిపిస్తోంది.

ఈ వారం ప్రార్థన అంశాలు రాస్తున్నాను. బడిలో వంటగది పైకప్పు కారుతోంది. నా మోకాలు బాగాలేదు. నవంబరులో కోతల పండుగ రోజు హులిగేశ్‌ను సంఘ పెద్దగా నిలబెడతారట. మూడేళ్ళ కింద తాగుడు మానేశానని ఆయన సాక్ష్యం చెప్పినప్పటి నుంచి, తాగుబోతు మొగుళ్ళున్న ఆడవాళ్ళకంతా పాస్టరు ఆయన్నే చూపిస్తున్నాడు. నేను సంతోషపడాలి.

ఇంకో మాట ఉంది. రాయాలా వద్దా అని ఆలోచిస్తున్నాను. ముందు నువ్వు చెప్పు. నీ గదిలో ఇంకెవరైనా ఉంటారా? ఉత్తరాలు ఎక్కడ పెడతావు? జవాబు మా ఇంటికి రాయకు, బడికి రాయి. మధ్యాహ్నం భోజనాలు వండేది నేనే కనక పంకజాక్షి టీచరు నా చేతికే ఇస్తుంది. ఆమె మంచిదే అనుకుంటున్నాను. కానీ మొన్న నాకొచ్చిన బ్యాంకు కవరును రెండుసార్లు తిప్పి చూసింది.

సౌభాగ్య

*

బళ్ళారి,
ఆగస్టు 12

సౌభాగ్యా,

ఒత్తులు బాగానే ఉన్నాయి. నా గదిలో నేనూ ఒక కుక్కరూ ఉంటాం. కుక్కరు కూడా ఈ మధ్య కూయడం మానేసింది. ఉత్తరాలు బియ్యం డబ్బాలో అడుగున పెడతాను. చాలా?

ఉప్పు కొన్నా నాలుక మీద వేసుకుని చూసే మనిషివి నువ్వు. నీ అనుమానం మీద నాకు కోపం రాదు. కోపం వస్తే ఆరేళ్ళు నీతో ఎట్లా వేగేదాన్ని? చెప్పాలనిపిస్తే చెప్పు, లేదంటే దాచుకో. చెప్పకపోయినా నీకు బాగాలేదని నాకు అర్థమైంది. బాగున్నప్పుడు నువ్వు ఇంత పొడుగు ఉత్తరం రాయవు.

ఇక్కడ నాకు తెలిసినవాళ్ళు లేరు. ఆదివారం ఒక పెద్ద చర్చికి పోతే అందరూ చెయ్యి కలిపారు, ఎవరూ పేరు అడగలేదు. ఆ రోజు నువ్వు చాలా గుర్తొచ్చావు. మా ఆయన పోయినప్పుడు నువ్వు పదకొండు రోజులు జొన్నరొట్టె తెచ్చి పెట్టావు. ఓదార్పు మాట ఒక్కటి చెప్పలేదు. నేను తినేదాకా కూర్చుని, గిన్నె కడుక్కుని పోయేదానివి. మిగతావాళ్ళు చెప్పిన వాక్యాలు నాకు ఒక్కటీ గుర్తులేవు, ఆ రొట్టెలే నన్ను లేపి నిలబెట్టాయి. అది నేను నీకు ఎప్పుడూ చెప్పలేదు, ఇప్పుడు చెబుతున్నాను.

పొద్దున అయిదింటికి డ్యూటీకి పోయే ముందు నీ పేరెత్తి ప్రార్థన చేస్తున్నాను. ఆ టైముకు నువ్వూ నీళ్ళ పొయ్యి ముట్టిస్తూ ఉంటావు. మోకాలికి వేడి నీళ్ళ గుడ్డ పెట్టు.

సవిత

*

దేశనూరు,
సెప్టెంబరు 1

అక్కా,

చెబుతున్నాను. హులిగేశ్ మళ్ళీ తాగుతున్నాడు.

ఎట్లా తెలిసిందంటే, మందిరంలో పాట ఇంతకు ముందు కంటే గట్టిగా పాడటం మొదలుపెట్టాడు. అక్కడే నాకు అనుమానం తగిలింది. తర్వాత, పొలం నుంచి వస్తూ కాలువలో స్నానం చేసి వస్తున్నాడు. ఇంట్లో నీళ్ళు లేవా? జేబులో జీలకర్ర పొట్లం. నెల రోజులు నేను ఏమీ అనకుండా చూశాను. పోయిన గురువారం ఆయన నిద్రపోతుండగా ట్రాక్టరు టూల్ బాక్సు తెరిచాను. పానాల కింద నా పాత ఎర్ర రవిక గుడ్డ ఉంది. అందులో నాలుగు బ్రాందీ ప్యాకెట్లు చుట్టి పెట్టాడు. నా రవిక గుడ్డే దొరికింది ఆయనకు. మళ్ళీ ఎట్లా ఉన్నవి అట్లా పెట్టేశాను.

ఈ సంగతి ఎవరికీ తెలియకూడదు. పాస్టరుకు వద్దు, పాస్టరమ్మకు అసలే వద్దు. ఎందుకో నీకు తెలుసు. ఆయన తిట్టే మనిషి కాదు, కొట్టే మనిషి కాదు, సిగ్గుపడే మనిషి. పెళ్ళైన మూడో ఏడు మా అన్న నలుగురిలో తాగుబోతు అన్నందుకు ఇల్లు వదిలి పోయి ఎనిమిది నెలలు తాగి తాగి, రక్తం కక్కుకున్నాక ఎవరో తెచ్చి వదిలారు. ఇంకోసారి అట్లా పోతే మనిషి తిరిగి రాడని డాక్టరు అప్పుడే చెప్పాడు. మాట బయటికి పోయిందంటే ఆయన పోతాడు. అంతే అక్కా. నాకున్న భయం అదొక్కటే.

ఇంకొకటి కూడా చెప్పేస్తాను. నేను ప్రార్థన మానేశాను. మోకాళ్ళ మీద కూర్చుంటే మాట రావడం లేదు. మూడేళ్ళ కింద అందరి ముందు చప్పట్లు కొట్టి స్తోత్రాలు చెప్పాను కదా, ఇప్పుడు ఏ మొహంతో అడగాలి? పొద్దున నీళ్ళు కాగేదాకా పెరట్లో పొయ్యి ముందు కూర్చుని దేవుడితో జగడం పెట్టుకుంటాను. నీకు కళ్ళు లేవా, ఇదేనా నువ్వు బాగుచేసింది అని అడుగుతాను. ఒక్కోరోజు మాట మీరి పోతుంది. వినేవాళ్ళు లేరు కనక సరిపోయింది. పెరటికి అడ్డం కట్టిన రేకుకు అవతల పక్కింటి మారమ్మవ్వ ఒక్కతే ఉంటుంది, ఆమెకు చెవుడు. ఆదివారం మాత్రం మందిరంలో అందరితో పాటు పెదవులు కదుపుతాను. ఎవరూ కనిపెట్టలేదు. నువ్వుంటే కనిపెట్టేదానివి.

ఈ ఉత్తరం చదివి కాల్చెయ్.

సౌభాగ్య

*

బళ్ళారి,
సెప్టెంబరు 9

సౌభాగ్యా,

కాల్చేశాను. ఎవరికీ చెప్పను. నా ప్రార్థనలో కూడా ఆయన పేరు పైకి అనను, లోపలే అడుగుతాను.

నువ్వు మాత్రం ప్యాకెట్లు లెక్కపెట్టే పని మానుకో. ఆయన అన్నం తిన్నాక, పక్కన కూర్చుని, నాకు తెలుసు అని ఒక్క మాట అను. తిట్టొద్దు. నీకు అది కష్టమని తెలుసు. ఇక్కడ మా ఆసుపత్రిలో తాగుడు మాన్పించే వార్డు ఉంది. నేను తుడిచే వరండా పక్కనే. లోపలికి వచ్చేవాళ్ళలో సాక్ష్యాలు చెప్పినవాళ్ళూ ఉన్నారు, మొక్కులు మొక్కినవాళ్ళూ ఉన్నారు. పడిపోవడం అందరికీ ఒకేలా ఉంటుంది. ఆయన రాగలిగితే నేను ఉన్నాను.

ప్రార్థన మానేశానన్నావు. సరే, నీ వంతు కూడా నేను చేస్తాను. జోడీ అంటే మరి ఎందుకు? నువ్వు జగడం పెట్టుకో. అది మాత్రం ఆపొద్దు.

సవిత

*

దేశనూరు,
అక్టోబరు 18

సవితకు,

అక్కా అని రాయడానికి చెయ్యి రాలేదు.

నిన్న శుక్రవారం ఉపవాస ప్రార్థనలో ముప్పై మంది ఆడవాళ్ళున్నాం. పాస్టరమ్మ కళ్ళు మూసుకుని అందరి అవసరాల కోసం ప్రార్థన చేస్తూ, చివర్లో కన్నీళ్ళు పెట్టుకుని ఇట్లా అంది. "ప్రభువా, ఈడ కూచున్న ఒక సోదరి పెనిమిటి మళ్ళీ ఆ పాత గుంతలోనే పడినాడు తండ్రీ. సాక్ష్యం చెప్పిన నోటితోనే తాగుతాండాడు. బండి పెట్టెలో భార్య గుడ్డలోనే సుట్టి దాచుకుంటాండాడు. ఆయన్ని లేపు తండ్రీ." పేరు చెప్పలేదట. ఈ ఊర్లో సాక్ష్యం చెప్పిన మగవాడు ఎంతమంది? బండి ఉన్నది ఎంతమందికి? నేను కళ్ళు తెరిచి చూసేసరికి ముప్పై మందీ కళ్ళు తెరిచి నన్నే చూస్తున్నారు. అందరూ ఒకేసారి ఆమేన్ అన్నారు.

నువ్వు రాసినట్టే పోయిన నెలలో ఆయన పక్కన కూర్చుని, టూల్ బాక్సు సంగతి నాకు తెలుసు అని చెప్పి ఉన్నాను. సాయంత్రానికి ఆయన చెవిన పడింది. ఇంటికొచ్చి కేకలు వెయ్యలేదు. బట్టలు సంచిలో పెట్టుకుంటూ, "నువ్వే చెప్పినావు. టూల్ బాక్స్ సంగతి నీకు తప్ప యా నరమానవునికి తెలీదు. ఇంగ నేను యా మొగం పెట్టుకోని ఈ ఊర్లో తిరగాల?" అన్నాడు. నేను చెప్పలేదన్నాను. నా మొహం వైపు కూడా చూడలేదు. వరి కోత మిషన్ మీద పని ఉందని సింధనూరు వైపు పోయాడు. ఫోను కట్టేశాడు. ఎక్కడ పడి ఉన్నాడో, ఎంత తాగుతున్నాడో నాకు తెలియదు.

ఆ గుడ్డ సంగతి నేను ఒక్కచోటే రాశాను. నీకు. ఆయనకు తప్ప ఇంకెవరికీ నోటితో చెప్పలేదు. మా అమ్మకు కూడా చెప్పలేదు. ఇప్పుడు నువ్వే చెప్పు, ఆ మాట పాస్టరమ్మ నోట్లోకి ఎట్లా పోయింది?

సౌభాగ్య

*

బళ్ళారి,
అక్టోబరు 26

సౌభాగ్యా,

నేను చెప్పలేదు.

హులిగేశ్ పోయాడని చదివినప్పటి నుంచి నాకు తిండి సయించడం లేదు. ఆ వైపు నుంచి మా ఆసుపత్రికి వచ్చే బస్సు డ్రైవర్లను అడుగుతున్నాను. నీకు ఇంకేం రాయాలో తెలియడం లేదు. నన్ను నమ్మమని అడగను. అడిగితే నీకు అనుమానం ఇంకా పెరుగుతుంది.

పూట పూటా తిను. అయిదింటికి నేను ఎప్పటిలాగే ఉన్నాను.

సవిత

*

దేశనూరు,
నవంబరు 16

సవితకు,

మూడు వారాలు ఆగి రాస్తున్నాను. ఊరికే ఆగలేదు. అడిగి తెలుసుకున్నాను.

ఒకటి. సెప్టెంబరు చివర్లో పాస్టరమ్మ కళ్ళు చూపించుకోవడానికి బళ్ళారి వచ్చి నీ గదిలోనే రెండు రోజులు ఉంది. ఆమే చెప్పింది. మా ఇంటి మాట ఎవరు చేరవేశారంటే మాత్రం చెప్పనంది. నువ్వు నాకు ఒక్క ముక్క రాయలేదు. నీ గదిలో నువ్వూ కుక్కరూ తప్ప ఎవరూ ఉండరని నమ్మించావు.

ఈ నెల నాలుగో తేదీ మంగళవారం నువ్వు మా ఊరు వచ్చావు. కొట్రేశ్ హోటల్ ముందు బస్సు దిగి, పాస్టరు ఇంటికి పోయి, అక్కడి నుంచి మా వీధికే వచ్చి మళ్ళీ బస్సెక్కావట. నేను బడిలో వంట దగ్గర ఉండే టైము చూసుకుని వచ్చావు. మా గడప దాకా వచ్చి నాకు కనబడకుండా పోయే పని నీకేముంది? ఆ రోజు నుంచి పక్కింటి మారమ్మవ్వ కూడా నన్ను చూస్తే కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని లోపలికి పోతోంది. చెవిటి ముసలమ్మకు కూడా ఏదో చెప్పి వెళ్ళావా?

ఇంకా ఉంది. మిషన్ డ్రైవరు నాగరాజ్ నిన్న వచ్చాడు. హులిగేశ్ సింధనూరులో పది రోజులు కూడా లేడట. బళ్ళారిలో మీ ఆసుపత్రి వరండాలో బెంచీ మీద కూర్చుని ఉంటే చూశాడట. పక్కన నువ్వు టిఫిన్ డబ్బా మూత తీసి ఇస్తున్నావట. నా మొగుడు బతికి ఉన్నాడని నాకు ఎవడో డ్రైవరు చెప్పాలి. నీకు మాత్రం తెలుసు. ఆయన నీతో ఏం చెప్పాడు? నా గురించి ఏం మాట్లాడుకుంటున్నారు? నా ఇల్లు కూల్చి, ఆయనకు నువ్వు మంచిదానివైపోయావా?

ఇంతమంది కలిసి నా చుట్టూ ఏదో ఆడుతున్నారు. అది ఏమిటో నాకు అంతు పట్టడం లేదు. ఆరేళ్ళు నీ ఒడిలో తల పెట్టి ఏడ్చిన దాన్ని, నిన్ను తప్ప అందరినీ అనుమానించిన దాన్ని. అదే నేను చేసిన తప్పు.

పాస్టరుకు చెప్పేశాను, నా పేరు జోడీల్లోంచి కొట్టెయ్యమని. పొద్దున జగడం కూడా మానేశాను. వారమైంది. పొయ్యి ముట్టిస్తాను, నీళ్ళు తోడుకుంటాను, లోపలికి వస్తాను. పలకని వాళ్ళతో ఎన్నాళ్ళు మాట్లాడను? దేవుడు కూడా మీ వైపే ఉన్నాడేమో.

ఇదే చివరి ఉత్తరం.

సౌభాగ్య

*

బళ్ళారి,
నవంబరు 22

సౌభాగ్యా,

చివరి ఉత్తరమన్నావు కనక నీకు దీన్ని చించెయ్యాలనిపిస్తుంది. చించే ముందు మొత్తం చదువు. పొద్దున జగడం మానేశానని నువ్వు రాయకపోయి ఉంటే నేను ఇది ఇంకా దాచి ఉండేదాన్ని. ఇప్పుడు దాచి లాభం లేదు.

పాస్టరమ్మ నా గదికి వచ్చింది నిజం. రాత్రి అన్నం తింటూ, హులిగేశ్‌ను పెద్దగా నిలబెట్టాలనుకుంటున్నాం, ఆయన సంగతి నీకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు, ఎట్లా ఉన్నాడు అని అడిగింది. నాకేమీ తెలియదన్నాను. పాస్టరమ్మతో అబద్ధం చెప్పాను. రెండో రోజు మళ్ళీ అడిగింది, మళ్ళీ చెప్పాను. నీకు రాయనిది అందుకే. ఆమె అడిగిందని తెలిస్తే నువ్వు ఆ రోజు నుంచి నిద్రపోవు.

నీ నింద వచ్చినప్పుడు మాట ఎట్లా పోయిందో నాకూ తెలియదు. తెలుసుకోవాలని నాలుగో తేదీ సెలవు పెట్టి వచ్చాను. పాస్టరమ్మను నిలదీశాను. ఆమె చెప్పిన పేరు విని నేను అక్కడే అరుగు మీద కూర్చుండిపోయాను. మారమ్మ.

మారమ్మవ్వకు చెవుడు లేదు సౌభాగ్యా. కోడలి దెప్పులు వినలేక నాలుగేళ్ళుగా వినబడనట్టు ఉంటోంది. కొడుకూ కోడలూ బెంగళూరు పనికి పోయినా ఆ అలవాటు మానలేదు, ఊరంతా నమ్మింది కనక. ఉప్పును కూడా అనుమానించే నువ్వూ నమ్మావు. ఆమె మంచం ఆ రేకుకు ఆనించి ఉంది. నువ్వు పొయ్యి ముందు కూర్చుని అన్న ప్రతి మాటా, టూల్ బాక్సు, ఎర్ర గుడ్డ, నాలుగు ప్యాకెట్లు, ఆమెకు వినబడ్డాయి. నువ్వు చిన్నగా మాట్లాడవు కదా.

ఆమె చాడీ చెప్పడానికి పోలేదు. ఆమె మొగుడూ తాగి పోయినవాడే. నా చెయ్యి పట్టుకుని చెప్పింది. "ఆ పిల్ల దినామూ కోడి కూయకముందే ఒక్కతే కొట్లాడతా ఉండాది తల్లీ. నా మొగుడు తాగినప్పుడు నాకు అడిగే దిక్కు యాడిది? ఈ పిల్ల నా మాటలే అడుగుతాందేమో అనిపిస్తాండె. రెండు నెలలు ఇన్న్యా. ఇంగ తట్టుకోలేక మీ గుడి అమ్మతాకి పోయి, మీరింతమంది ఉండారు గదా, అందరూ జతగూడి అడగరాదా అన్న్యా. ఇట్లయితాదని నాకేం తెలుసు?"

తను చెప్పిన మాటకే హులిగేశ్ ఇల్లు వదిలాడని తెలిసిన రోజు నుంచి నీ మొహం చూడలేకపోతోంది. నీకు చెప్పొద్దని నా కాళ్ళు పట్టుకుంది. కానీ నేను చెప్పనిది ఆమె కోసం కాదు.

నిజం చెబితే నువ్వు ఏం చేస్తావో నాకు తెలుసు. సిగ్గుతో నోరు మూసుకుంటావు. మందిరంలో పెదవులు మాత్రమే కదుపుతున్నావు. ఇక నువ్వు నిజంగా నోరు తెరుస్తున్నది ఆ పొయ్యి ముందే. అదీ పోతే నీకేం మిగులుతుంది? నన్ను అనుమానిస్తే అనుమానించనీ, దేవుడితో మాట్లాడటం మాత్రం ఆపకూడదు అనుకున్నాను. నీ రెండు ఉత్తరాలూ చదివినప్పుడు నాకు ఏడుపు వచ్చింది. కోపం కూడా వచ్చింది. అయినా ఊరుకున్నాను.

ప్రార్థన మానేశానని సెప్టెంబరులో రాశావు. ఒక ముసలామె అంతకు ముందు నుంచీ రోజూ పడుకుని నీ ప్రార్థన విన్నది. విని, పోయి ముప్పై మందిని లేపింది. మరి నువ్వు మానేసింది ఏమిటి?

ఇక హులిగేశ్. ఆరో తేదీ పొద్దున తనంతట తనే వచ్చాడు, వరండాలో నా ముందు నిలబడ్డాడు. నువ్వు ఎప్పుడో ఆ వార్డు సంగతి ఆయనకు చెప్పావట కదా. అది మాత్రం విన్నాడు. చేర్పించాను. "నెల దినాలు తాగకుండా ఉండినంక ఆమెకు చెప్పక్కా. ముందే చెప్పి మళ్ళీ పడితే ఇంగ నేను మనిషినే కాదు" అన్నాడు. మాట ఇచ్చాను. నిన్న నీ ఉత్తరం ఆయనకు చదివి వినిపించాను. నా మీద రాసినవి కూడా దాచలేదు. మారమ్మవ్వ సంగతీ చెప్పాను. నీ భార్య నీ గురించి దేవుడి దగ్గర తప్ప ఎక్కడా నోరు విప్పలేదన్నాను. గోడ వైపు తిరిగి పడుకున్నాడు. తర్వాత, చెప్పెయ్యక్కా అన్నాడు. ఈ రోజుకు పదహారు రోజులు. పదిహేడోది ఎట్లా ఉంటుందో నాకు తెలియదు, ఆయనకూ తెలియదు.

జోడీల్లోంచి నీ పేరు కొట్టేయించుకున్నావు. నా పేరు నేను కొట్టేయించలేదు.

సవిత

*

దేశనూరు,
నవంబరు 29

సవితక్కా,

ఉత్తరం బడిలో అన్నం ఉడుకుతుండగా చదివాను. అడుగంటింది. పిల్లలు ఆ రోజు మాడిన అన్నమే తిన్నారు. పంకజాక్షి టీచరు ఏమైందని అడగలేదు, వచ్చి గరిటె నా చేతిలోంచి తీసుకుంది. ఆమెను కూడా నేను అనుమానించాను.

నిన్ను అన్న మాటలు నాకు ఒక్కొక్కటే గుర్తొస్తున్నాయి. నా ఇల్లు కూల్చావన్నాను. నువ్వు అప్పుడు నా మొగుడికి అన్నం పెడుతున్నావు. క్షమించమని రాయడం చాలా తేలికగా ఉంది, అందుకే వచ్చి అడుగుతాను. రేపు కాదు, పై ఆదివారం పొద్దున తెక్కలకోట మీదుగా వచ్చే మొదటి బస్సుకు వస్తాను. ఆయన్ని చూడనిస్తారా? చూడనివ్వకపోతే వరండాలో కూర్చుంటాను. ఆయనకు చెప్పు, ఎన్ని రోజులైందని నేను అడగను. జొన్నరొట్టె తెస్తాను, మీ ఇద్దరికీ.

కోతల పండుగ అయిపోయింది. పెద్దగా ఎవరినీ నిలబెట్టలేదు. పాస్టరమ్మ ఇంటికొచ్చి ఏడ్చింది. నాకు ఇంకా కోపం పోలేదు, కానీ టీ పెట్టి ఇచ్చాను. శుక్రవారం ప్రార్థనలో ఇకమీద మనుషుల సంగతులు వాళ్ళు ఒప్పుకుంటేనే పైకి చెప్పాలని అడిగాను. సరేనంది.

నువ్వు భయపడ్డట్టే అయింది. నీ ఉత్తరం చదివాక నాలుగు రోజులు నోరు పెగల్లేదు. పొయ్యి ముందు కూర్చుంటాను, రేకు వైపు చూస్తాను. నేను ఏమేం అన్నానో, ఆ ముసలామె ఏమేం విన్నదో తలుచుకుంటే ఒళ్ళంతా కుంచించుకుపోయింది. దేవుడిని ఏ మాటలు అన్నానో నీకు రాయను. మారమ్మవ్వను అడిగితే చెబుతుంది.

ఈ పొద్దున నీళ్ళు కాగుతున్నాయి. రేకు అవతల మంచం కిర్రుమంది. ఆమె మాట వినబడింది. నాలుగేళ్ళలో ఆమె నాతో మాట్లాడటం ఇదే మొదలు.

"ఏమ్మా, ఎన్ని దినాలాయె, సప్పుడే లేదు. ఆయప్ప మీద అలిగినావా?"

నేను పొయ్యిలో పుల్ల ఎగదోశాను. అవ్వే, "సరే, నువ్వు అడగకపోతే నేనడుగుతా" అంది. తర్వాత గొంతు పెంచి, పై వీధిలో ఉన్నవాళ్ళను పిలిచినట్టు మొదలుపెట్టింది.

"సౌభాగ్య దేవుడా, నేను మారమ్మను, పక్కింటిదాన్ని. నిన్ను ఎట్ల పిలవాలనో నాకు తెలీదు. ఆ హులిగేశప్పను బాగుచేసి ఇంటికి తోలప్పా. ఈ పిల్ల అడిగి అడిగి అలిసిపోయుండాది. ఆ బళ్ళారి ఆయమ్మ మీద ఉట్టి పుణ్యానికి నింద పడ్యాది, అదీ కొంచెం చూడు. తప్పు నాది."

అంతటితో ఆగిపోయింది. ఎట్లా ముగించాలో ఆమెకు తెలియదు. మంచం మీద అటూ ఇటూ కదులుతోంది, ఇంకేమైనా అనాలేమో అని వెతుక్కుంటున్నట్టుంది. నీళ్ళు మరిగి పొంగుతున్నాయి. నేను రేకు దగ్గరికి జరిగి, ఆమెకు వినబడేటట్టు గట్టిగా ఆమేన్ అన్నాను. నా నోటి నుంచి ఆ మాట వచ్చి నాలుగు నెలలైంది అక్కా.

నీ జోడీ,
సౌభాగ్య